హైదరాబాద్ నుంచి డాలస్‌కి ఎంత దూరం, ఎన్ని గంటలు: మీ లెక్క మీరే వేసుకోండి

హైదరాబాద్ నుంచి డాలస్‌కి ఎన్ని గంటలు అని అడిగితే నలుగురు నాలుగు జవాబులు చెబుతారు. ఒకాయన "పదహారు గంటలండీ" అంటాడు. ఆయనకి రెండో విమానంలో కూర్చున్న బాధ ఒక్కటే గుర్తుంది. ఇంకొకావిడ "పదకొండున్నరే, తెల్లవారుజామున ఎక్కాం, అదే రోజు సాయంత్రం దిగిపోయాం" అంటుంది. టికెట్ల ఏజెంటు ఇరవై మూడు అంటాడు. మా ఒంగోలువాళ్లని అడిగితే ఒకటిన్నర రోజు. వీళ్లలో ముగ్గురు చెప్పింది నిజమే. ఎవరు ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ ఆపి లెక్కపెట్టారన్నదే తేడా. ఆ రెండో ఆవిడ మాత్రం రెండు ఊళ్ల గడియారాల్ని ఒకదాంట్లోంచి ఒకటి తీసేసింది.

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. మా అమ్మాయి, అల్లుడు డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటారు. వీధిలో ఎవరికి వీసా వచ్చినా ఈ ప్రశ్న నా దగ్గరికి వస్తుంది కాబట్టి, నోటితో చెప్పే లెక్క అంతా ఇక్కడ రాసిపెడుతున్నాను. డాలస్ బదులు షికాగో, సిడ్నీ, టొరంటో ఏదైనా పెట్టుకోండి, పద్ధతి ఒకటే.

ముందు దూరం సంగతి

గోడకి తగిలించే ప్రపంచపటం మీద స్కేలు పెట్టి దూరం కొలవకండి. ఆ పటం గుండ్రటి భూమిని బల్లపరుపుగా సాగదీసింది. ఉత్తరానికి పోయేకొద్దీ దేశాలు ఉన్నదానికంటే పెద్దగా కనిపిస్తాయి. మా వియ్యంకుడుగారు మొదటిసారి వెళ్లినప్పుడు సీటు ముందున్న తెరమీద విమానం బొమ్మ చూస్తూ కంగారుపడ్డారట. వచ్చాక నన్ను అడిగారు: "చెల్లెమ్మా, పటంలో డాలస్ మనకి నేరుగా పడమర కదా, మరి వీడు రష్యా మీదకి ఎక్కి, గ్రీన్‌లాండ్ దాకా పోయి మళ్లీ కిందికి దిగాడేం? నేరుగా పోతే ఆయిల్ కలిసొచ్చేది కదా!"

"అన్నయ్యగారూ, అదే నేరు దారి" అని చెబితే నమ్మలేదు. మనవడి గ్లోబు తెచ్చి దారం పట్టుకోమన్నాను.

మీరూ ఇదే చేయండి. 30 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న గ్లోబు తీసుకుంటే దాని చుట్టుకొలత 94 సెంటీమీటర్ల పైచిలుకు. అసలు భూమి చుట్టుకొలత దాదాపు 40,000 కి.మీ. కాబట్టి ఒక సెంటీమీటరు దారం అంటే సుమారు 425 కి.మీ. హైదరాబాద్ మీద దారం ఒక కొస వేలితో నొక్కి, రెండో కొస డాలస్ మీద పెట్టి, బిగించి లాగండి. దారం వదులుగా ఉంటే ఎటైనా పోతుంది. బిగించినప్పుడు మాత్రం అదే జరిగి జరిగి అతి తక్కువ పొడవున్న దారి మీదకి వచ్చి ఆగుతుంది. మా గ్లోబు మీద అది అట్లాంటిక్ వైపు పోనేలేదు. పైకి, ఇంచుమించు ఉత్తర ధ్రువం మీద గ్లోబుకి గుచ్చిన ఇనప పుల్ల దగ్గరికి పోయి, అవతలి పక్కన కెనడా మీదుగా దిగింది. కొలిస్తే 34 సెంటీమీటర్లు. 34ని 425తో గుణిస్తే 14,450. వియ్యంకుడుగారు చాలాసేపు ఆ దారాన్ని అటూ ఇటూ జరిపి చూశారు, ఇంకో దారి ఏదైనా పొట్టిగా వస్తుందేమోనని. రాలేదు.

దారంతో ఉజ్జాయింపు వస్తుంది. కచ్చితంగా కావాలంటే ఫోన్లో కాలిక్యులేటర్ చాలు. పదో తరగతి త్రికోణమితి గుర్తుంటే సంతోషం, గుర్తులేకపోయినా మీటలు నొక్కితే వచ్చేస్తుంది. ఫోన్ అడ్డంగా తిప్పితే సైన్, కాస్ మీటలు కనిపిస్తాయి. అక్కడ డిగ్రీల్లో ఉందో రేడియన్లలో ఉందో ముందు చూసుకోండి. సైన్ 30 కొడితే 0.5 రావాలి. రాకపోతే రేడియన్లలో ఉన్నట్టు, మార్చుకోండి. పిల్లలు పరీక్షల్లో మార్కులు పోగొట్టుకునేదీ ఇక్కడే.

శంషాబాద్ విమానాశ్రయం 17.24 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 78.43 డిగ్రీల తూర్పు రేఖాంశం. డాలస్ ఫోర్ట్‌వర్త్ విమానాశ్రయం 32.90 ఉత్తరం, 97.04 పడమర. ఒకటి తూర్పు, ఒకటి పడమర కాబట్టి రేఖాంశాలు కూడాలి: 175.47. రెండూ తూర్పే అయితే పెద్దదాంట్లోంచి చిన్నది తీసేయాలి.

ఇప్పుడు రెండు ముక్కలు.

మొదటి ముక్క: సైన్ 17.24 × సైన్ 32.90 = 0.2964 × 0.5432 = 0.1610

రెండో ముక్క: కాస్ 17.24 × కాస్ 32.90 × కాస్ 175.47 = 0.9551 × 0.8396 × (−0.9969) = −0.7994

రెండూ కూడితే −0.6384. దీనికి ఇన్వర్స్ కాస్ నొక్కితే 129.67 డిగ్రీలు. భూమి మీద ఒక డిగ్రీ అంటే 111.2 కి.మీ. గుణిస్తే 14,420 కి.మీ. మైళ్లలో కావాలంటే 1.609తో భాగించండి, 8,960 వస్తుంది. పైలట్లు వాడేవి నాటికల్ మైళ్లు, ఒక్కోటి 1.852 కి.మీ. ఆ లెక్కన 7,780 పైచిలుకు. ఒక చోట 8,960 అనీ ఇంకో చోట 7,780 అనీ కనిపిస్తే కంగారుపడక్కర్లేదు, దూరం ఒకటే, మైలు వేరు. వెబ్‌సైట్ల మధ్య పది ఇరవై కిలోమీటర్ల తేడా కూడా ఉంటుంది. భూమి పూర్తి గుండ్రం కాదు, ధ్రువాల దగ్గర కాస్త నొక్కుకుపోయి ఉంటుంది. కొందరు దాన్ని లెక్కలోకి తీసుకుంటారు, కొందరు తీసుకోరు. ఒక ఊరు భూమధ్యరేఖకి దక్షిణాన ఉంటే, సిడ్నీలాగా, దాని అక్షాంశం ముందు మైనస్ పెట్టడం మాత్రం మరవకండి. ఏ రెండు ఊళ్లకైనా 20,000 కి.మీ. దాటి జవాబు వచ్చిందంటే ఎక్కడో తప్పు కొట్టారు. భూమ్మీద ఎంత దూరమైనా సగం చుట్టుకొలతకి మించదు.

లెక్కల టీచర్‌ని కాబట్టి ఇంకొక్క ముక్క చెప్పకుండా ఉండలేను. డాలస్ మనకి సరిగ్గా 180 డిగ్రీల అవతల ఉండి ఉంటే నేరు దారి ధ్రువం మీదుగానే పోయేది. అప్పుడు దూరం 180లోంచి రెండు అక్షాంశాలూ తీసేస్తే వచ్చే 129.86 డిగ్రీలు. మనకి వచ్చింది 129.67. అంటే మన దారి ధ్రువానికి అయిదారువందల కిలోమీటర్ల దూరంలోంచి పోతుంది. గ్లోబు మీద దారం ఆ ఇనప పుల్లకి ఆనుకున్నట్టు కనిపించింది అందుకే.

మరి ఆ 14,420 కి.మీ. నేరుగా ఎగరొచ్చా? ఎగరగలిగే విమానాలున్నాయి. సింగపూర్ నుంచి న్యూయార్క్ జేఎఫ్‌కేకి నాన్‌స్టాప్ 15,300 కి.మీ. పైచిలుకు. కానీ హైదరాబాద్ నుంచి డాలస్‌కి నాన్‌స్టాప్ లేదు. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా హైదరాబాద్ నుంచి షికాగోకి నేరుగా విమానం మొదలుపెట్టింది, అది 13,280 కి.మీ. దారి. తర్వాత అదీ ఆగిపోయింది. అందుకని మనం లెక్క వేయాల్సింది రెండు ముక్కల ప్రయాణానికి.

ఎటునుంచి పోతే దగ్గర?

ఇదే ఎక్కువమంది నన్ను అడిగేది, జవాబు విని ఎక్కువమంది ఆశ్చర్యపోయేదీ ఇదే. పై లెక్కే ఒక్కో దారికీ రెండుసార్లు వేశాను.

దుబాయ్ మీదుగా: 2,550 + 12,920, మొత్తం 15,470 కి.మీ.
దోహా మీదుగా: 2,910 + 12,750, మొత్తం 15,660.
లండన్ మీదుగా: 7,750 + 7,630, మొత్తం 15,380.
ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా: 7,120 + 8,260, మొత్తం 15,380.

నాలుగు దారులకీ మధ్య తేడా 300 కి.మీ. లోపే. విమానానికి అది ఇరవై నిమిషాల పని. "దుబాయ్ అయితే చుట్టండీ, లండన్ అయితే నేరు" అనేవాళ్లు పటం చూసి చెబుతున్నారు. నేరుదారితో పోల్చినా దుబాయ్ మీదుగా పోతే పెరిగేది వెయ్యి పైచిలుకు కిలోమీటర్లే, అంటే గంటా పావు.

అలాగని ఎటుపోయినా ఒకటే అనుకోకండి. టికెట్ చవగ్గా ఉందని సింగపూర్, శాన్‌ఫ్రాన్సిస్కో మీదుగా తీసుకుంటే 3,310 + 13,590 + 2,360, మొత్తం 19,260 కి.మీ. ఇక్కడ 3,800 కి.మీ. ఎక్కువ, గాల్లోనే నాలుగున్నర గంటలు ఎక్కువ, పైగా మూడు విమానాలు. పొదుపు చేసిన డబ్బు నడుం నొప్పికి చాలదు.

కిలోమీటర్లని గంటల్లోకి మార్చడం

దూరపు ప్రయాణాలకి వాడే బోయింగ్ 777 లాంటివి గంటకి సుమారు 900 కి.మీ. వేగంతో పోతాయి. కానీ దూరాన్ని 900తో భాగిస్తే టికెట్ మీదున్న టైముతో కలవదు. టికెట్ మీద వేసేది గేటు దగ్గర విమానం కదిలినప్పటి నుంచి అవతల గేటు దగ్గర ఆగేదాకా. దాన్ని బ్లాక్ టైమ్ అంటారు. రన్‌వే దాకా పాక్కుంటూ పోవడం, పైకెక్కడం, దిగే ముందు నెమ్మదించడం అన్నీ అందులోనే.

నేను వాడే సూత్రం: కిలోమీటర్లని 850తో భాగించి, అరగంట కలపండి.

దుబాయ్ నుంచి డాలస్ 12,920. భాగిస్తే 15.2. అరగంట కలిపితే 15.7, అంటే 15 గంటల 42 నిమిషాలు. టికెట్ మీద 16 గంటలు, కాస్త అటూ ఇటూ ఉంటుంది. దగ్గరికే వచ్చాం. హైదరాబాద్ నుంచి దుబాయ్ 2,550 అయితే సూత్రం ప్రకారం మూడున్నర గంటలు. పోయేటప్పుడు దాదాపు నాలుగు పడుతుంది, వచ్చేటప్పుడు మూడున్నరలోపే వచ్చేస్తుంది.

ఆ తేడా గాలిది. విమానాలు ఎగిరే ఎత్తులో, అంటే నేలకి పది కిలోమీటర్ల పైన, పడమర నుంచి తూర్పుకి జెట్ స్ట్రీమ్ అనే గాలి నదిలా పారుతూ ఉంటుంది. చలికాలంలో గంటకి 200 కి.మీ. దాటడం మామూలే. అమెరికా వెళ్లడం ఎదురీత, రావడం వాలుకి ఈదడం. డాలస్ వైపు పోయేటప్పుడు 16 గంటలు పట్టిన అదే దారి వచ్చేటప్పుడు 14 గంటల 40 నిమిషాల ప్రాంతంలో అయిపోతుంది. కాబట్టి సూత్రంలో వచ్చిన జవాబుకి, పడమరకి వెళ్తుంటే కాస్త కలపండి, తూర్పుకి వస్తుంటే కాస్త తీసేయండి. ఎంత అంటే, పదిహేను గంటల ప్రయాణానికి అరగంట నుంచి గంట. జనవరిలో ఎక్కువ, జులైలో తక్కువ.

సూత్రానికి, అసలు టైముకీ తేడా రావడానికి రెండో కారణం, మూసేసిన ఆకాశాలు. దారం చూపించిన దారిలో విమానం పోవాలంటే కింద ఉన్న దేశాలన్నీ ఒప్పుకోవాలి. 2022 ఫిబ్రవరి తర్వాత యూరప్ విమాన సంస్థలకి రష్యా మీద ఎగిరే వీలు లేదు. 2025 ఏప్రిల్ నుంచి పాకిస్తాన్ మన దేశపు విమానాలకి తన గగనతలం మూసేసింది. దాంతో ఢిల్లీ నుంచి అమెరికా వెళ్లే మన విమానాలు చుట్టూ తిరిగి, కొన్నిసార్లు వియన్నా లాంటి చోట ఇంధనం కోసం ఆగాల్సి వచ్చింది. గల్ఫ్ ప్రాంతంలో గొడవలు వస్తే అక్కడి దారులూ మారిపోతాయి. అందుకే హైదరాబాద్ నుంచి లండన్‌కి సూత్రం 9 గంటల 40 నిమిషాలు చెబుతుంటే విమానం పదిన్నర గంటలు తీసుకుంటుంది.

సూత్రం మీద నమ్మకం లేకపోతే ఫ్లైట్‌రాడార్24 లేదా ఫ్లైట్‌అవేర్‌లో మీ టికెట్ మీదున్న విమానం నంబర్ కొట్టండి. గత వారం రోజులుగా అది ఎన్నింటికి ఎగిరింది, ఎన్నింటికి దిగింది చూపిస్తుంది. అక్కడ కనిపించేది గాల్లో ఉన్న సమయం కావచ్చు, గేటు నుంచి గేటు దాకా కాకపోవచ్చు. అరగంట తేడా అందుకే. రోజూ నలభై నిమిషాలు ఆలస్యంగా బయల్దేరే విమానం అయితే అదీ ఇక్కడే బయటపడుతుంది. టికెట్ కొనే ముందు చూసుకోవడం మంచిది.

గడియారాల తంటా

ఇప్పుడు ఆ పదకొండున్నర గంటల ఆవిడ సంగతి. టికెట్ మీద వేసే ప్రతి టైమూ ఆ ఊరి గడియారం ప్రకారమే ఉంటుంది. బయల్దేరే టైము మన గడియారం, దిగే టైము వాళ్ల గడియారం. రెండు గడియారాల్ని ఒకదాంట్లోంచి ఒకటి తీసేయకూడదు.

నేను చేసే పని ఇది. ఒక కాగితం మీద టికెట్‌లో ఉన్న టైములన్నీ వరసగా రాసి, పక్కన ప్రతిదాన్నీ ఇండియా టైములోకి మార్చి రాస్తాను. దుబాయ్ మనకంటే గంటన్నర వెనక, దోహా రెండున్నర గంటలు వెనక. అవి ఏడాది పొడవునా మారవు. డాలస్ చలికాలంలో పదకొండున్నర గంటలు వెనక, ఎండాకాలంలో పదిన్నర. మార్చిలో రెండో ఆదివారం వాళ్లు గడియారం గంట ముందుకి తిప్పుతారు, నవంబర్‌లో మొదటి ఆదివారం వెనక్కి తిప్పుతారు.

జనవరి ప్రయాణానికి ఒక ఉదాహరణ టికెట్ అనుకుందాం. హైదరాబాద్‌లో 04:30కి బయల్దేరి దుబాయ్‌లో 07:00కి దిగుతుంది. అక్కడ 09:50కి ఎక్కితే డాలస్‌లో అదే రోజు 16:00కి దిగుతుంది. ఇండియా టైములోకి మారిస్తే:

హైదరాబాద్ బయల్దేరడం 04:30
దుబాయ్ దిగడం 08:30
దుబాయ్ బయల్దేరడం 11:20
డాలస్ దిగడం మర్నాడు 03:30

మొదటి విమానం నాలుగు గంటలు, మధ్యలో రెండు గంటల యాభై నిమిషాలు, రెండో విమానం పదహారు గంటల పది నిమిషాలు. మొత్తం 23 గంటలు. 04:30 నుంచి 16:00 దాకా ఆవిడ లెక్కపెట్టిన పదకొండున్నరకి, గడియారాల మధ్య తేడా పదకొండున్నర కలిపినా అదే 23. రెండు దారుల్లోనూ ఒకే జవాబు వస్తే లెక్క సరిపోయినట్టు.

వచ్చేటప్పుడు ఇంకా చిక్కుగా ఉంటుంది. డాలస్‌లో సోమవారం 18:30కి ఎక్కితే దుబాయ్‌లో మంగళవారం 19:10, అక్కడ 22:00కి ఎక్కితే హైదరాబాద్‌లో బుధవారం 02:55. టికెట్ మీద ఆఖరి టైము పక్కన చిన్నగా +2 అని ఉంటుంది. బయల్దేరిన తేదీకి రెండు రోజులు కలపమని దాని అర్థం. చాలామంది దాన్ని చూడరు. గాబరాగా మంగళవారం తెల్లవారుజాముకే కారు మాట్లాడేస్తారు, డ్రైవర్ ఎయిర్‌పోర్టులో పడిగాపులు పడతాడు. ప్రయాణం మాత్రం రెండు రోజులు కాదు. సోమవారం 18:30 అంటే మనకి మంగళవారం 06:00. అక్కడినుంచి బుధవారం 02:55 దాకా 20 గంటల 55 నిమిషాలే. గాలి మిగిల్చిపెట్టిన రెండు గంటలు ఇక్కడ కనిపిస్తాయి.

సెప్టెంబర్‌లో వెళ్లి ఫిబ్రవరిలో వచ్చేవాళ్లు ఒకటి గమనించాలి. వెళ్లేటప్పుడు తేడా పదిన్నర, వచ్చేటప్పుడు పదకొండున్నర. ఒకే తేడాతో రెండు లెక్కలూ వేస్తే గంట తప్పుతుంది.

డాలస్‌లో ఇప్పుడు ఎన్నయిందో నోటితో చెప్పాలంటే సులువు మార్గం ఉంది. మన టైముకి పగలుని రాత్రి చేసి, రాత్రిని పగలు చేసి, చలికాలమైతే అరగంట, ఎండాకాలమైతే గంటన్నర కలపండి. మనకి రాత్రి 9 అయితే వాళ్లకి అదే రోజు పొద్దున 9:30, లేదా 10:30. మనకి పొద్దున అయితే వాళ్లకి ముందురోజు రాత్రి.

అసలు తేడా మధ్యలో ఆగే చోట

కిలోమీటర్లన్నీ ఒకేలా ఉంటే ఒక టికెట్ 22 గంటలు, ఇంకోటి 34 గంటలు ఎందుకు చూపిస్తుంది? ఆ పన్నెండు గంటలూ ఏదో ఒక ఎయిర్‌పోర్టులో కుర్చీలో కూర్చోబెట్టే గంటలు. టికెట్ చూసేటప్పుడు నేను మొదట చూసేది ధర కూడా కాదు, లేఓవర్, అంటే రెండు విమానాల మధ్య ఆగే సమయం.

ఒంటరిగా వెళ్లే పెద్దవాళ్లకి రెండున్నర నుంచి నాలుగు గంటలు ఉండాలని నా అభిప్రాయం. గంటన్నర అని ఉంటే వద్దు. దుబాయ్ ఎయిర్‌పోర్టు చిన్నది కాదు. విమానం దిగి, మళ్లీ సెక్యూరిటీ చెకప్ దాటి, ఒక్కోసారి లోపలే రైలెక్కి ఇంకో వరస గేట్లకి పోవాలి. అమెరికా విమానానికి గేటు దగ్గర ఇంకోసారి బ్యాగులు వెతకడమూ మామూలే. మొదటి విమానం ముప్పావుగంట ఆలస్యమైతే మీ గంటన్నరలో మిగిలేది పరుగే. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు టికెట్ కొన్నప్పుడే వీల్‌చైర్ అడగండి. సిగ్గుపడకండి. లైన్లో నిలబడే టైము కూడా కలిసొస్తుంది.

ఇంకో విషయం. మామూలుగా మొదట దిగే అమెరికా ఎయిర్‌పోర్టులోనే ఇమిగ్రేషన్. దుబాయ్ నుంచి నేరుగా డాలస్‌కి వస్తే ఆ పని డాలస్‌లోనే, ఆపైన ఇంటికే. న్యూయార్క్‌లోనో షికాగోలోనో దిగి అక్కడినుంచి లోకల్ విమానంలో డాలస్‌కి వచ్చే టికెట్ అయితే, ఆ మధ్య ఊళ్లో ఇమిగ్రేషన్ లైను, పెట్టెలు తీసుకోవడం, కస్టమ్స్, మళ్లీ పెట్టెలు అప్పజెప్పడం, మళ్లీ సెక్యూరిటీ. దానికి మూడు గంటలకి తక్కువ ఉంటే ఆ టికెట్ నేను కొననివ్వను. ఇంగ్లిష్ రాని అత్తయ్యగారొకరు ఇలాంటి టికెట్‌తో వెళ్లి రెండో విమానం పోగొట్టుకున్నారు, రాత్రంతా అక్కడే.

ఇంటి గడప నుంచి ఇంటి గడప దాకా

విమానం లెక్క 23 గంటలు. ఒంగోలులో మా ఇంటి నుంచి లెక్కపెడితే వేరు. మేదరమెట్ల దాటి అద్దంకి–నార్కట్‌పల్లి రోడ్డెక్కి, పిడుగురాళ్ల, మిర్యాలగూడ, నల్గొండ మీదుగా పోయి, పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ ఎక్కి శంషాబాద్. మూడువందల కిలోమీటర్ల పైచిలుకు. మధ్యలో టిఫిను, ఒక టీ కలిపి ఏడు గంటలు వేసుకోండి. విమానానికి మూడు గంటల ముందు లోపలికి పోవాలి. రోడ్డు మీద ఏదైనా అయితే అని ఇంకో గంట. అక్కడికే పదకొండు. విమానాలు 23. డాలస్‌లో ఇమిగ్రేషన్, పెట్టెలు కలిపి గంటన్నర. ఫ్రిస్కోకి కారులో ముప్పావుగంట. మొత్తం 36 గంటల పావు.

04:30 విమానం అంటే ముందురోజు సాయంత్రం అయిదున్నరకి ఒంగోలు వదలాలన్నమాట. తేదీ దగ్గరా చాలామంది బోల్తాపడతారు. టికెట్ మీద 15వ తేదీ 04:30 అని ఉంటే మీరు ఇంట్లోంచి కదలాల్సింది 14 సాయంత్రం. 15 సాయంత్రం తీరిగ్గా బయల్దేరితే విమానం అప్పటికే వెళ్లిపోయి ఉంటుంది. అర్ధరాత్రి దాటిన విమానాలకి నేను క్యాలెండర్లో ముందురోజు గడిలోనే "ప్రయాణం" అని రాయిస్తాను.

ఈ 36 గంటల లెక్క దేనికంటే, మాత్రలకి. బీపీ మాత్ర పొద్దున 8కి వేసుకునే అలవాటుంటే దార్లో దుబాయ్ గడియారం, డాలస్ గడియారం చూసి వేసుకోవద్దు. చేతి గడియారం ఇండియా టైము మీదే ఉంచి, దాని ప్రకారమే వేసుకుని, అక్కడికి చేరాక డాక్టర్ చెప్పినట్టు మెల్లగా మార్చుకోండి. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు మాత్రం ఈ గంటల కాగితం పట్టుకెళ్లి ముందే మీ డాక్టర్‌కి చూపించి, ఎప్పుడెంతో రాయించుకోండి. మందులు చేతిబ్యాగులోనే ఉండాలి, చీటీతో సహా. పదహారు గంటలు కదలకుండా కూర్చుంటే కాళ్లు వాస్తాయి, రక్తం గడ్డకట్టే ప్రమాదమూ ఉంది. రెండు గంటలకోసారి లేచి నాలుగడుగులు వేయండి, అందుకే నడవ పక్క సీటు అడగండి. కిటికీ సీటు మనవళ్లకి.

ఆఖరిగా, ఎయిర్‌పోర్టు నుంచి ఇంటికి తీసుకెళ్లడానికి వచ్చేవాళ్ల లెక్క. డాలస్‌లో విమానం దిగే టైముకే అల్లుడు పార్కింగ్‌లో ఉండక్కర్లేదు. మీరు బయటికి రావడానికి గంట, గంటన్నర పడుతుంది. ఫ్రిస్కోలో ఉన్నవాళ్లు విమానం నేలని తాకిందని ఫోన్లో చూశాక ఇంట్లోంచి బయల్దేరినా సరిపోతుంది. లోపల వైఫై అందగానే మీరు పెట్టాల్సిన మెసేజ్ "దిగాను" కాదు, "పెట్టెలు వచ్చాయి" అని.